పరుగు కూడా తిండే

పెద్దమ్మ ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది.

పెద్దమ్మ వాళ్లది ఆదోని వైపు పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఆమె కొడుకు ఒకసారి పని మీద కర్ణాటకలోని బాగల్‌కోట వైపు పోయాడు. వచ్చేటప్పుడు ఒక కుక్కపిల్లను తెచ్చాడు.

"ఇది మామూలు కుక్క కాదమ్మా. ముధోల్ కుక్క. నాలుగు గొర్రెపిల్లల డబ్బు పోసి తెచ్చినా" అన్నాడు.

"కుక్కకు అంత డబ్బా!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

మనవరాలికి మాత్రం సంబరం. పిల్లకు మోతి అని పేరు పెట్టింది.

మోతి ఎనిమిది నెలలకే ఎత్తుగా ఎదిగింది. పొడుగు కాళ్లు. లోతైన రొమ్ము. పిడికిట్లో పట్టేంత నడుము. ఊరంతా వచ్చి చూసింది. కొడుకుకు గర్వం పెరిగింది, దాంతోపాటు భయమూ పట్టుకుంది. "ఖరీదైన కుక్క. ఎవరైనా ఎత్తుకుపోతారు" అని ఇనుప గొలుసు తెచ్చి వాకిట్లో వేపచెట్టుకు కట్టేశాడు. పగలూ అక్కడే. రాత్రీ అక్కడే.

కొడుకు పొద్దున్నే మంద తోలుకుని పోతాడు. మోతికి తిండి పెట్టేది పెద్దమ్మ, కోడలు. చాలా ఇళ్లలో ఇంతే కదా! కుక్కను తెచ్చేది మగవాళ్లు. గిన్నె కడిగేది ఆడవాళ్లు.

కొన్నాళ్లకు తంటా మొదలైంది. మోతి చెట్టు చుట్టూ గుంటలు తవ్వింది. కట్టెల మోపు కొరికి పోగు పెట్టింది. రాత్రంతా మూలిగేది. ఒకరోజు గొలుసు తెంచుకుని పక్కింటి కోళ్లు రెండింటిని పట్టింది. పెద్దమ్మ ఆ కోళ్లకు డబ్బు కట్టింది. కొడుకు గొలుసును ఇంకా పొట్టి చేశాడు.

పది రోజులకు మోతి మళ్లీ తెంచుకుంది. ఈసారి సొంత మందలోని మేకపిల్లనే తరిమింది. మేకపిల్ల బెదిరి, గట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

"దానికి పిచ్చెక్కింది. అన్నంలో మందు పెట్టి చంపేయండి" అంది పక్కింటి వదిన.

"ఊరి బయట వదిలేసి వస్తా" అన్నాడు కొడుకు.

పెద్దమ్మ ఏమీ అనలేదు. మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ కాలికి కట్టు కట్టింది. ఎట్లా విరిగిందని అడిగింది. పెద్దమ్మ జరిగింది చెప్పింది.

"మీ కుక్క రోజూ ఎంతసేపు పరిగెత్తుతుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎక్కడ పరిగెత్తుతుంది తల్లీ! కట్టేసి ఉంటిమి కదా."

"పెద్దమ్మా, కుర్ర ఎద్దును ఆరు నెలలు పని లేకుండా కట్టేయండి. మంచి దాణా పెట్టండి. తరువాత విప్పితే ఏం చేస్తుంది?"

"దుముకుతుంది. కుమ్ముతుంది."

"మీ కుక్క చేసిందీ అదే. దానికి పిచ్చి లేదు. పరుగు కోసం పుట్టిన జాతి అది. మీరు దానికి సంకటి పెట్టారు. పరుగు పెట్టలేదు."

ఈ మాట పెద్దమ్మ మనసులో నాటుకుంది.

ఏమిటీ ముధోల్ కుక్క?

ముధోల్ అనేది కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ఊరు. మన తెలంగాణలో నిర్మల్ జిల్లాలో కూడా ఒక ముధోల్ ఉంది. ఆ ఊరు వేరు, ఈ ఊరు వేరు. కర్ణాటకలోని ముధోల్ ఒకప్పుడు చిన్న సంస్థానం. ఘోర్పడే వంశం రాజులు దాన్ని ఏలారు. వాళ్లలో మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కలను శ్రద్ధగా పెంచి, జాతిని నిలబెట్టాడు. అందుకే ఆ ఊరి పేరే దీనికి వచ్చింది. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ల వాళ్లు ఈ కుక్కల్ని పెంచి అమ్ముతారు. దగ్గరలోని తిమ్మాపూర్‌లో ఈ జాతి కోసం ఒక పరిశోధన కేంద్రం ఉంది. 2005లో మన తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్క జాతుల మీద తపాలా బిళ్లలు వేసింది. వాటిలో ముధోల్ కుక్క ఒకటి. 2016లో సైన్యం వాళ్లు ముధోల్ పిల్లలను మీరట్ తీసుకుపోయి శిక్షణ ఇచ్చారు.

చాలా కుక్కలు వాసన పట్టి పోతాయి. ఇది కంటితో చూసి తరుముతుంది. దూరంగా ఏదైనా కదిలితే చాలు, కాళ్లు ఆగవు. కోడి అయినా, పిల్లి అయినా, మేకపిల్ల అయినా దాని కంటికి ఒకటే. అది కోపం కాదు, పుట్టుక. భుజం దగ్గర ఎత్తు రెండడుగుల పైనే ఉంటుంది. బరువు మాత్రం 20 నుంచి 28 కిలోల లోపే. ఒంట్లో కొవ్వు తక్కువ. కొత్తవాళ్లు ముట్టుకుంటే దానికి గిట్టదు. ఇంటివాళ్ల దగ్గర మాత్రం మెత్తగా ఉంటుంది. గట్టిగా అదిలిస్తే ముడుచుకుపోతుంది. కొట్టి నేర్పుదామంటే ఏమీ నేర్చుకోదు.

ఇటువంటి కుక్కను తెచ్చుకునే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. దాన్ని రోజూ ఎవరు తిప్పుతారు? ఎక్కడ తిప్పుతారు? ఈ రెండింటికి జవాబు లేకపోతే తేకపోవడమే మంచిది. పట్నంలో ఒకటి రెండు గదుల ఇళ్లలో గొప్ప కోసం వీటిని తెచ్చి కట్టేసేవాళ్లు ఉన్నారు. ఆ కుక్క బతుకూ నరకమే, ఆ ఇంటి బతుకూ నరకమే.

పెద్దమ్మ ఏం చేసింది?

మరునాడు కోడి కూయకముందే లేచింది. గొలుసు విప్పింది. మెడకు వెడల్పాటి తోలు పట్టీ వేసింది. సన్న తాడు వేస్తే ఈ కుక్కల సన్నని మెడ కోసుకుపోతుంది. ఆ పట్టీకి 20 మూరల నూలు తాడు కట్టి, కోత అయిపోయిన చేనుకు తీసుకుపోయింది.

మొదటిరోజు మోతి ఆమెను ఈడ్చింది. పెద్దమ్మ అరచేయి ఒరుసుకుపోయింది. రెండో రోజు కోడలు కూడా వచ్చింది. ఇద్దరూ చేనుకు చెరొక కొసన నిలబడ్డారు. పెద్దమ్మ "మోతీ, రా!" అని పిలిచేది. వస్తే రొట్టె ముక్క పెట్టేది. అప్పుడు కోడలు పిలిచేది. అక్కడ ఇంకో ముక్క. కొన్ని వారాలు ఇదే ఆట. పిలిస్తే వస్తుందని నమ్మకం కుదిరాకే తాడు విప్పారు. అది కూడా చేలో, చుట్టుపక్కల మందలు లేనప్పుడే.

అప్పుడు చూడాలి మోతి పరుగు! నాలుగు కాళ్లూ నేల మీద ఆనవు. విల్లు వంగినట్టు నడుం వంగుతుంది, మళ్లీ బాణంలా సాగుతుంది. పెద్దమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని చూస్తూ నిలబడిపోయేది. "నాలుగు గొర్రెపిల్లల డబ్బు ఇప్పుడు కనబడింది" అంది ఒకరోజు కోడలితో.

పొద్దున గంట. సాయంత్రం ముప్పావు గంట. నెల తిరిగేసరికి గుంటలు తవ్వడం తగ్గింది. రాత్రి మూలగడం ఆగింది. వేపచెట్టు కింద కాళ్లు చాపుకుని పడుకునేది.

కానీ పరుగుకు కూడా పద్ధతి ఉంది. ఏడాది లోపు పిల్లను అలిసిపోయేదాకా పరిగెత్తించకూడదు. ఎముకలు ఇంకా గట్టిపడవు. దాని ఇష్టానికి అది ఆడుకోవచ్చు. కొడుకు ఒకసారి మోటారు సైకిలుకు కట్టి పరిగెత్తిస్తానన్నాడు. పెద్దమ్మ తాళం చెవి దాచేసింది. మంచి పని చేసింది.

కడుపు నిండా తిన్న వెంటనే పరిగెత్తించకూడదు. రొమ్ము లోతుగా ఉండే కుక్కలకు కడుపు ఉబ్బి, లోపల మెలి పడే ప్రమాదం ఉంది. అలా జరిగితే గంటల్లోనే ప్రాణం పోతుంది. పరుగు అయ్యాక కొంచెం నీళ్లు, గంట ఆగి తిండి. తిన్నాక రెండు గంటలు విశ్రాంతి.

ఎండలో అసలే వద్దు. మనకు ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు అలా కాదు. నాలుక చాపి రొప్పితేనే దాని వేడి దిగుతుంది. ఎండాకాలంలో పొద్దు పొడవకముందు, పొద్దు గూకాక మాత్రమే తిప్పాలి. రొప్పడం ఆగకుండా, చొంగ కారుతూ, తూలుతూ ఉంటే వడదెబ్బ తగిలినట్టు. వెంటనే నీడకు తేవాలి. పొట్ట మీద, కాళ్ల మీద చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మంద దగ్గర కూర్చోవడం నేర్పడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పెద్దమ్మ గొర్రెలకు దూరంగా తాడు పట్టుకుని కూర్చునేది. మోతి గొర్రెల్ని రెప్ప వేయకుండా చూసినప్పుడల్లా పేరు పెట్టి పిలిచేది. ముఖం తిప్పి ఆమెను చూస్తే రొట్టె ముక్క. రోజుకు నాలుగు అడుగులు దగ్గరికి జరిగేది. ఇప్పుడు మోతి మంద పక్కనే పడుకుంటుంది. అయినా చిన్న మేకపిల్లల దగ్గర పెద్దమ్మ దాన్ని ఒంటరిగా వదలదు. కోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిని గంప కింద మూయాల్సిందే!

కుందేలు వేట

మోతి పరుగు చూసి కొడుకు స్నేహితులు వచ్చారు. "పండగకు కుందేలు వేటకు పోదాం. మోతిని తీసుకురా" అన్నారు. కొడుకు సరే అన్నాడు. పెద్దమ్మ అడ్డం పడింది.

అడవి జంతువుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. కుందేలు, జింక, నెమలి, అడవి పంది, ఏదైనా సరే, అనుమతి లేకుండా వేటాడితే నేరం. కుక్కను ఉసిగొల్పి తరిమించినా వేట కిందే లెక్క. "కుక్క పట్టింది, నేను పట్టలేదు" అంటే ఎవరూ వినరు. జరిమానా పడుతుంది, జైలు కూడా పడవచ్చు. వేటకుక్క ఉంటే వేటాడాలని లేదు. దానికి కావలసింది పరుగు, తరమడానికి ఏదో ఒకటి. మనవరాలు దీనికి ఉపాయం కనిపెట్టింది. పొడుగు కర్రకు తాడు కట్టి, తాడు చివర పాత గుడ్డ ముడి వేసింది. కర్ర తిప్పితే గుడ్డ నేల మీద పరుగెత్తుతుంది. మోతి దాని వెంట! కుందేలు బతికింది, మోతి ఆట తీరింది.

ఏం పెట్టాలి?

ఈ కుక్క సన్నగానే ఉంటుంది. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తే భయపడనక్కర్లేదు. నడుం ఎముక, తుంటి ఎముక పొడుచుకు వస్తే మాత్రం తిండి చాలలేదని అర్థం, లేదా కడుపులో పురుగులు ఉన్నట్టు. పెద్దమ్మ రోజుకు రెండుసార్లు జొన్న సంకటి, మజ్జిగ పెడుతుంది. ఒట్టి సంకటి చాలదు. ఉడకబెట్టిన గుడ్డు కానీ మాంసం కానీ కలుపుతుంది. పక్కన ఎప్పుడూ గిన్నెడు నీళ్లు ఉండాలి.

మనం తినగా మిగిలిన కూర పెట్టడం మనకు అలవాటు. కానీ ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు విషం లాంటివి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరం వచ్చిందని మన మాత్రలు వేయకండి. పారాసెటమాల్ వల్ల కూడా కుక్కలు చనిపోతాయి.

ఇంకొక ముఖ్యమైన మాట. వానాకాలంలో మోతికి పిడుదులు పట్టాయి. వీటినే కొన్ని చోట్ల గోమార్లు అంటారు. పత్తికి కొట్టే మందు కలిపి ఒళ్లంతా రుద్దమని ఎవరో చెప్పారు. ఊళ్లలో ఇలా చేస్తారు. చేయకూడదు. ముధోల్ కుక్కకు వెంట్రుక పొట్టి, చర్మం పలుచన. మందు ఒంట్లోకి దిగుతుంది. కుక్క నాక్కుంటుంది కూడా. రుద్దిన మన చేతికీ ప్రమాదమే. పిడుదుల మందు పశువుల ఆసుపత్రిలో అడిగి తెచ్చుకోవాలి. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య రోజూ చూడాలి. పిడుదుల వల్ల జ్వరం వచ్చి కుక్క నీరసించిపోతుంది.

చలికాలంలో పడుకోవడానికి గోనెసంచి వేయండి. ఒంట్లో కొవ్వు లేదు కదా, గట్టి నేల మీద మోచేతులు పుండ్లు పడతాయి. ఎప్పుడైనా ఆపరేషన్ చేయించాల్సి వస్తే "ఇది వేటజాతి కుక్క" అని డాక్టరుకు ముందే చెప్పాలి. వీటికి మత్తుమందు జాగ్రత్తగా ఇవ్వాలి.

ఆ రోజు ఏం జరిగింది?

అప్పటికి మోతికి పద్దెనిమిది నెలలు. జూన్ 5వ తేదీ. మోతి మాంసం ముక్క తింటోంది. మనవరాలు వెనక నుంచి పోయి గిన్నె లాగింది. మోతి గుర్రుమంది. పిల్ల వదల్లేదు. మోతి చేయి కరిచింది. రక్తం వచ్చింది.

పక్కింటి వదిన పరుగున వచ్చింది. చేతిలో కారం, సున్నం. "ఇది అద్దితే విషం దిగిపోతుంది" అంది.

పెద్దమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది. పిల్లను నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు రుద్దుతూ, చెంబుతో ధారగా నీళ్లు పోస్తూనే ఉంది. కోడలు కొళాయి దగ్గర నుంచి నీళ్లు మోసింది. పదిహేను నిమిషాలు ఇలా కడగాలి. పిల్ల ఏడుస్తున్నా ఆపకూడదు. కుక్క చొంగలో ఉండే రేబిస్ క్రిమి ఇలా కడిగితే చాలావరకు పోతుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు రాస్తే క్రిమి పోదు, గాయం పెద్దదవుతుంది. కట్టు కూడా బిగించకూడదు.

"మన కుక్కే కదా. దానికి టీకా వేయించినాం కదా. ఆసుపత్రి ఎందుకు?" అన్నాడు కొడుకు.

పెద్దమ్మ దేవుడి పటం వెనక నుంచి మోతి టీకా కార్డు తీసింది. వేలు పెట్టి మెల్లగా చదివింది. మొదటి టీకా మూడో నెలలో వేశారు. నెల తరువాత ఇంకొకటి. ఆ కింద "మళ్లీ వేయించవలసిన తేదీ" అని ఉంది. ఆ తేదీ దాటిపోయి రెండు నెలలయింది! కార్డు ఇంట్లోనే ఉంది. చూసినవాళ్లు లేరు.

"పద ఆసుపత్రికి" అంది పెద్దమ్మ.

కార్డులో తేదీ దాటకపోయినా పోవాల్సిందే. ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. బయటపడకముందు వేయించుకున్న టీకాయే కాపాడుతుంది. సర్కారు ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. వెనకటి రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. ఆ భయంతో చాలామంది పోయేవారు కాదు. ఇప్పుడు ఆ సూదులు లేవు. చేతి చర్మంలో వేస్తారు. మొదటి టీకా వేసిన రోజును సున్నా అనుకుని లెక్కపెడతారు. తరువాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. కండలో వేసే పద్ధతిలో లెక్క కొంచెం వేరు. డాక్టరు రాసిచ్చిన తేదీలే పాటించాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇంకొక మందు కూడా వేస్తారు. దాన్ని ఇమ్యూనోగ్లోబులిన్ అంటారు. అది వేశారా లేదా అని మనం అడగాలి.

పెద్దమ్మ ఇంటికి వచ్చి బొగ్గుతో గోడ మీద రాసింది.

జూన్ 5
జూన్ 8
జూన్ 12
జూలై 3

ఒక్కొక్క సూది పడినప్పుడల్లా మనవరాలు ఒక తేదీని కొట్టేసింది.

మోతిని పది రోజులు తాడుకు కట్టి కనిపెట్టి చూశారు. రేబిస్ ఉన్న కుక్క అయితే ఈలోపే జబ్బుపడి చనిపోతుంది. మోతికి ఏమీ కాలేదు. పది రోజులు చూసి, అప్పుడు పిల్లకు టీకా వేయిద్దాం అని మాత్రం ఎవరూ ఆగకూడదు. అదీ ఇదీ ఒకేసారి జరగాలి.

ఈసారి మోతిని చంపమని ఎవరూ అనలేదు. పదకొండో రోజు డాక్టరమ్మ మోతికి టీకా వేసి, కొత్త తేదీ రాసిచ్చింది. "తింటున్న కుక్క జోలికి, పడుకున్న కుక్క జోలికి పోవద్దని పిల్లకు చెప్పండి" అంది. ఇప్పుడు మోతి తినేది గొడ్ల కొట్టం వెనక. అప్పుడు అటు ఎవరూ పోరు.

టీకా కార్డు దేవుడి పటం వెనక లేదు. క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతోంది. పక్కింటి వదిన మొన్న వచ్చి అడిగింది, "మా ఊరకుక్కకు కూడా ఈ టీకా వేస్తారా?" అని. వేస్తారు. ఏ కుక్కకైనా వేస్తారు. మూడో నెలలో మొదటిది, డాక్టరు చెప్పినప్పుడు రెండోది, ఆ తరువాత ఏడాదికొకసారి.

మీ ఇంట్లో కుక్క ఉందా? కార్డు తీసి చూడండి. తేదీలు ఇక్కడ రాసుకోండి.

కుక్క పేరు: ....................

టీకా వేయించిన తేదీ: ....................

మళ్లీ వేయించవలసిన తేదీ: ....................